గుట్ట అంటుకున్న రోజు మొదటి పళ్లెం

ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ను చౌరస్తాలో ఆపి నిలదీయొద్దు. నేను పెంచి చెబుతాను. మా పెరట్లో పిల్లి కనిపిస్తే, వీధి మలుపు తిరిగేసరికి నా నోట్లో అది చిరుతపులి అవుతుంది. కోరుట్ల బస్టాండు చేరేసరికి దాని వెనక కూనలు కూడా నడుస్తుంటాయి. దీన్ని మా ఆవిడ జబ్బంటుంది. నేను వృత్తి అంటాను. ఒక విశ్వవిద్యాలయం వారి ప్రాంగణంలో ఆఫీసు సూపరింటెండెంటుగా ఏళ్ల తరబడి సర్క్యులర్లు రాసినవాణ్ని. ఒక నల్లా కారుతుంటే "నీటి సరఫరా వ్యవస్థలో తలెత్తిన అనివార్య పరిస్థితుల దృష్ట్యా" అని మొదలుపెట్టేవాణ్ని. చదివినవాళ్లు బకెట్లు పట్టుకొని పరుగెత్తేవారు. ఆ పరుగు చూసి నేను కుర్చీలో వెనక్కి వాలేవాణ్ని.

ఇంకా జుట్టు నల్లగా ఉండగానే (రంగు సంగతి మీకెందుకు) స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశాను. ఇప్పుడు కొత్తగా ఆఫీసుల్లో చేరుతున్న పిల్లలు "ఉద్యమం రోజుల్లో మీ దగ్గర ఏం జరిగింది అంకుల్?" అని అడుగుతుంటారు. అందరూ చెప్పుకునే సంగతులు చెప్పను. గుట్ట అంటుకొని మా ప్రాంగణం మూసేసిన రోజు గురించి చెబుతాను. మంట గురించి అనుకొని చదవండి, ఫరవాలేదు. నిజానికి ఇది ఒక మనిషి మీద నాకున్న అసూయ గురించి. ఇందులో అన్నీ పెంచుతాను గానీ ఆ అసూయను మాత్రం పెంచను. పెంచడానికి అందులో ఖాళీ లేదు.

ఆ మనిషి మా మెస్సు మేనేజరు. సిరిసిల్ల వాడు. తండ్రీ తాతా పెళ్లిళ్లకు వండినవాళ్లు. మేము "భాయ్" అనేవాళ్లం, పిల్లలు "చాచా" అనేవారు. తెల్ల లాల్చీ, నూనె పెట్టి దువ్విన మీసం, మనిషి కంటే ముందు వచ్చే అత్తరు వాసన. వంటింట్లో ఉర్దూ, భోజనాల హాల్లో తెలుగు, కొట్లాటలో రెండూ. గొంతు ఎంత పెద్దదంటే, ఒకసారి ఆయన "ఉప్పూ!" అని కేకేస్తే దుబాయిలో ఉన్న మల్లాపూర్ వాళ్లు ఇంటికి ఫోన్ చేసి "ఏమైందే?" అని అడిగారు.

వినయం అనే దినుసు ఆయన వంటింట్లో ఏనాడూ లేదు. బగారన్నం గంజు మీద మూత తీసే ముందు చుట్టూ చూసేవాడు, చూసేవాళ్లు సరిపడా ఉన్నారా అని. లేకపోతే మూత మీద గంటెతో రెండు దెబ్బలు కొట్టి, జనం చేరాక తీసేవాడు. ఆవిరి పైకి లేచేది. ఆయన కళ్లు మూసుకొని "ఆహా" అనేవాడు, తన వంటకు తనే. నేను అంత మంచి సర్క్యులర్లు రాసి ఒక్కసారైనా "ఆహా" అనుకున్నానా? అనుకున్నాను గానీ పైకి అనలేదు.

ఒకసారి పండగకు మా ఇంటికి ఒక డబ్బా బగారన్నం పంపాడు. మా ఆవిడ ఒక ముద్ద తిని, "గాయన చేతిల ఏముందో గని," అని ఆగిపోయింది. ఆ ఆగడంలో మా పెళ్లయినప్పటి నుంచి నేను చేసిన పనులన్నీ కొట్టుకుపోయాయి. కోపంతో నేను వారం రోజులు ఇంట్లో సగం కడుపుకే తిన్నాను. ఆమె గమనించలేదు. ఎనిమిదో నాడు "జర సన్నబడ్డవు, మంచిగున్నవ్" అంది.

సరే, ఆవిడ పోనీ. మా బిడ్డ సంగతి వేరు.

మా బిడ్డ అదే ప్రాంగణంలో చదివేది. జగిత్యాల నుంచి కోరుట్లకు పోయే దారిలోనే కదా, ఇంటి నుంచి రోజూ బస్సులో వచ్చిపోవచ్చు. కానీ ఉద్యమం హాస్టల్లో ఉందనీ, ఇంట్లో పప్పుచారు మాత్రమే ఉందనీ చెప్పి హాస్టల్లో చేరింది. నినాదాలు ఆమే కట్టేది, మైకు ఆమే పట్టేది. నా పోలికే, ఒక్క పోలీసు కనిపిస్తే మైకులో బెటాలియన్ దిగేది. ఇంట్లో నన్ను "బాపు" అని పిలిచే పిల్ల, ప్రాంగణంలో "సూపరింటెండెంటు గారు" అని పిలిచేది, ఆ "గారు" మీద కొంచెం కారం చల్లి. ఆయన్ను మాత్రం రెండు చోట్లా చాచా అనే అనేది.

దానికి కారణం ఉంది. అది చెప్పకపోతే తరవాత జరిగింది మీకు అర్థం కాదు.

ఉద్యమం వేడెక్కినప్పుడల్లా మా పెద్దసారుకు, అంటే ప్రిన్సిపాలుకు, పైనుంచి ఫోన్ వచ్చేది: హాస్టళ్లు ఖాళీ చేయించండి. పిల్లలు ఒకచోట ఉంటేనే కదా ఊరేగింపు. కానీ ఆ మాట కాగితం మీద రాయలేం. కారణం వేరే కావాలి. ఆ కారణం తయారీ నా శాఖ. మొదటిసారి నీటి ఎద్దడి అని రాశాను. పిల్లలు పాపం నమ్మి ఇళ్లకు పోయారు. రెండోసారి ట్రాన్స్‌ఫార్మర్ పేలిందన్నాను. సగం మంది పోయారు, మిగతావాళ్లు ఆ ట్రాన్స్‌ఫార్మర్ కిందే కూర్చొని చదువుకున్నారు, లైటు వెలుగులో. మూడోసారి కామెర్లు ప్రబలుతున్నాయని రాశాను. ఒక్కరూ కదల్లేదు. పైగా నేను నడిచిపోతుంటే "సార్, మీ కండ్లే పచ్చగున్నయ్" అన్నారు.

ప్రతి సర్క్యులర్ చివర ఒక వాక్యం ఉండేది: "మెస్సు మూసివేయబడినది." ఆకలేస్తే వాళ్లే పోతారని లెక్క. ప్రతిసారీ భాయ్ ట్రాలీ ఆటోలో గంజులు వేసుకొని వచ్చేవాడు, తన బావమరిది ఇంట్లో ఫంక్షన్ అయిందని, అన్నం మిగిలిందని. ఆ బావమరిది ఇంట్లో ఏడాది పొడుగునా ఫంక్షన్లే. పెద్దసారుకూ తెలుసు. తెలిసి ఏమీ అనేవాడు కాదు, ఒక పళ్లెం ఆయన గదికి కూడా వెళ్లేది కనుక. ఇట్లా ఆయన అన్నం పెట్టినప్పుడల్లా నేను రాసిన కాగితం మీద చేతులు తుడుచుకున్న పిల్లలు ఎవరిని నమ్ముతారో మీరే చెప్పండి.

ఇక ఆ రోజు.

ఎండాకాలం, బందు. బస్సులు లేవు, రోడ్డు మీద కుక్కలు కూడా సంఘీభావంగా పడుకున్నాయి. మగపిల్లలంతా తెల్లవారుతూనే జగిత్యాలలోని దీక్షా శిబిరానికి నడిచి వెళ్లిపోయారు. ఆడపిల్లల హాస్టల్ మాత్రం నిండుగా ఉంది. అది సరిగ్గా గుట్ట కింద, ప్రాంగణానికి వెనక కొసన. దాని గోడకూ గుట్టకూ మధ్య నడుము లోతు ఎండుగడ్డి. ఏటా మాఘం దాటగానే కోయించేవాళ్లం. ఆ ఏడు కోసేవాళ్లూ సమ్మెలో ఉన్నారు, కోయించేవాళ్లూ సమ్మెలో ఉన్నారు, గడ్డి ఒక్కటే డ్యూటీలో ఉంది.

పొద్దున్నే గుట్ట అవతల పొగ లేచింది. ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పపూలు రాలే కాలంలో అది మామూలే. చెట్టు కింద ఎండుటాకులు ఉంటే పూలు కనపడవు, ఏరడం కష్టం. అందుకని ఆకులకు నిప్పుపెట్టి, నేల శుభ్రం చేసుకుంటారు. అందులో ఒకటో రెండో మంటలు తప్పించుకొని గుట్ట మీద కాసేపు తిరిగి, ఏ బండ దగ్గరో ఆగిపోతాయి. మేం ఏటా చూసేదే.

మధ్యాహ్నం ఫారెస్టు బీటు ఆఫీసరు ఆఫీసులోకి వచ్చాడు. ముఖం మీద మసి, చేతిలో సగం కాలిన పచ్చికొమ్మ. కొమ్మతోనే లోపలికి వచ్చాడు, దాన్ని బయట పెట్టాలని కూడా తోచలేదు అతనికి.

"గాలి తిరిగింది సార్," అన్నాడు. "టేకు ఆకుల పడ్డది. గుట్టెక్కుతుంది. ఎక్కినంక ఇటు దిగుడే. హాస్టల్ ఎన్క గడ్డి ఎవ్వలు కోపియ్యలేదా?"

పెద్దసారు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

"ఎంత టైముంది?" అన్నాడు పెద్దసారు.

"అది మంటనడుగున్రి సార్. మా వాళ్లు ఊరోళ్లను పట్టుకొని అటుదిక్కు కొడుతున్నరు. ఇటు దిగితే ఆపెటోళ్లు లేరు. ఫైరింజన్‌కు చెప్పిన, బందుల ఏడికెల్లి వస్తదో ఏమో. ముందుగాల పిల్లలను తీయిన్రి."

పెద్దసారు హైదరాబాదుకు ఫోన్ చేశాడు. ప్రాంగణం వెంటనే మూసేయమన్నారు. చెమట తుడుచుకుంటూ నన్ను చూసి, "రాయండి," అన్నాడు.

రాశాను. నా ఉద్యోగ జీవితంలో మొట్టమొదటిసారి ఒక నిజమైన కారణం దొరికింది. దాన్ని ఎట్లా రాయాలో నాకు తెలియలేదు. "గుట్ట మీద మంట వస్తోంది, బయటికి రండి" అంటే సరిపోయేది. కానీ కలం ఊరుకుంటుందా? "ఆకాశాన్నంటుతున్న అగ్నికీలలు ప్రాంగణాన్ని కబళించనున్న దృష్ట్యా" అని వచ్చింది. చివర, చెయ్యి అలవాటు కొద్దీ, "మెస్సు మూసివేయబడినది" అని కూడా వచ్చింది. పెద్దసారు కూడా అలవాటు కొద్దీ, సాయానికని చెప్పి, పోలీసు వ్యానును పిలిచాడు. ఆ పాత తతంగమంతా తూచా తప్పకుండా మళ్లీ జరిగింది, నిజం ఒక్కటే కొత్తగా కలిసింది.

కాగితం పట్టుకొని హాస్టల్ గేటు దగ్గరికి వెళ్లేసరికి లోపలి నుంచి తాళం పడి ఉంది. వ్యాను కంటే ముందే దాని వార్త చేరింది. పిల్లలంతా వరండాలో కూర్చున్నారు. వార్డెన్ మేడమ్ కూడా లోపలే చిక్కింది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆమెకూ తెలియదు. గేటు ఊచల అవతల మా బిడ్డ నిలబడింది, నెత్తి మీద చున్నీ కట్టుకొని.

సర్క్యులర్ ఊచల మధ్య నుంచి లోపలికిచ్చాను. ఆమె వెనక్కి తిరిగి, అందరికీ వినపడేలా చదివింది. "ఆకాశాన్నంటుతున్న అగ్నికీలలు" దగ్గర వరండా మొత్తం పడీ పడీ నవ్వింది. "మెస్సు మూసివేయబడినది" దగ్గర చప్పట్లు.

"బిడ్డా, నవ్వకు. ఈపారి నిజంగనే అంటుకున్నది. పొగ కనవడ్తలేదా?"

"ఏటా కనవడ్తది బాపు. ఇప్పపూలోళ్ల పొగ."

"గది ఇటు దిగుతుందంట. ఫారెస్టాయన చెప్పిండు."

"ఫారెస్టాయనను పంపకపోయిన్రు మరి? పోలీసోళ్లను ఎందుకు పంపిన్రు?"

గేటు ఊచలు పట్టుకున్నాను. "బిడ్డా, నీ మీద ఒట్టు," అన్నాను.

ఆమె ముఖంలో నవ్వు పోయింది. కోపం కూడా కాదు. "కామెర్లప్పుడు గూడ నా మీదనే ఒట్టేసినవ్ బాపు," అంది మెల్లగా, పక్కవాళ్లకు వినపడకుండా. తరవాత గొంతు పెంచి, "ఎండల నిలవడకున్రి సూపరింటెండెంటు గారూ, బీపీ లేస్తది," అంది.

వెనక్కి తిరిగాను. గుట్ట అంచు మీద పొగ తెల్లగా ఉన్నది కాస్తా పసుపు రంగుకు తిరిగింది. ఇక్కడ పెంచడానికేమీ లేదు. నా పిల్ల ఆ గోడ లోపల ఉంది, తాళం లోపల ఉంది, నా మాట గేటు బయట ఉంది.

వేపచెట్టు నీడలో భాయ్ నిలబడి ఉన్నాడు, సోంపు నములుతూ. అంతా విన్నాడు.

ఆ క్షణంలో నేను చేసిన పని మంటను బతిమాలడం కంటే కష్టం. "భాయ్," అన్నాను, "జర నువ్వు చెప్పు. నీ మాటింటరు."

"ఏం చెప్పాలె సాబ్?"

"మంటొస్తుందని."

ఆయన గుట్టను చూశాడు, గేటును చూశాడు, వ్యానును చూశాడు. "నేను చెప్పినా నమ్మరు. మీరు నేర్పిచ్చి పంపిన్రనుకుంటరు." సోంపు ఉమ్మేశాడు. "కాగితంల మెస్ బంద్ అని రాసిన్రా?"

"రాసిన," అన్నాను, సిగ్గుతో.

"షాబాష్. మెస్ బందయితే నేనేడ వండాలె? రోడ్డు మీద వండుత!"

అర్థం కాక నిలబడిపోయాను. ఆయన లాల్చీ చేతులు మడిచాడు, గేటుకు ఎదురుగా కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు, గంజు మూత తీసేముందు చూసినట్టు అందరినీ ఒకసారి చూశాడు. తరవాత ఆ గొంతు విప్పాడు. వేపచెట్టు మీది కాకులు ఎల్లారెడ్డిపేటకు వలస పోయాయి.

"ఏ పిల్లలూ! మెస్ బంద్ చేసిన్రంట! మనం ఊకుంటమా? రోడ్డు మీద వంటావార్పు! గంజులు లేపాలె, బియ్యం లేపాలె, మొగపోరగాళ్లందరు జగిత్యాలల ఉన్నరు. మీతోని అయితదా, కాదా?"

 వంటావార్పు అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు: నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి, వండి, అక్కడే తినడం. అప్పట్లో అది మా నిరసన. ఉద్యోగులు, టీచర్లు, వకీళ్లు అందరూ చేశారు. వాళ్లు వండింది తినడమే అసలు త్యాగం.

"మాతోని కాదా?" అన్నది మా బిడ్డ. తాళంచెవి ఆమె చున్నీ కొంగులోనే ఉంది.

"అయితే జల్ది! చున్నీలు నీళ్లల ముంచి నెత్తికి కట్టుకోన్రి, ఎండ మస్తుంది. సర్టిఫికెట్లు, ఫోన్లు సంచిల వేసుకోన్రి. మనం రోడ్డు మీద ఉంటే పోలీసోళ్లు గదులల్ల జొర్రి ఏం చేస్తరో ఎవరికెర్క? మేడమ్, మీరు గూడ రావాలె, ఉల్లిగడ్డలు కొయ్యాలె!"

చూడండి ఎట్లా చెప్పాడో. మంట అన్న మాటే రాలేదు. తడిచున్నీ ఎండకట, సర్టిఫికెట్లు పోలీసులకట. నేను పాతికేళ్లు అబద్ధాలు రాసి, ఆ రోజు నిజం రాసి ఒక్కరినీ కదిలించలేకపోతే, ఈయన నిలబడ్డ చోట, సోంపు వాసనతో, అబద్ధమాడి హాస్టల్ మొత్తాన్ని లేపాడు. పొగ కళ్లల్లో పడి నీళ్లొస్తున్నాయని అనుకున్నాను. పొగ ఇంకా గుట్ట మీదే ఉంది.

గేటు తెరుచుకుంది. పిల్లలు మెస్సు వైపు పరుగెత్తారు. పెద్ద గంజుకు రెండు చెవులు, చెవికి ఇద్దరు. బియ్యం బస్తా నలుగురు. ఉల్లిగడ్డలు, నూనె డబ్బా, గంటెలు, కట్టెలు. భాయ్ అందరికంటే ముందు, జెండాలా పొడుగాటి గంటె ఎత్తి పట్టుకొని, వెనక నినాదాలు. నేను కూడా ఒక గంజు మోశాను, అందులో బియ్యం బస్తా, బస్తా మీద బరువైన ఒక కానిస్టేబులు. వ్యాను దగ్గర ఎస్సై చేతులు అడ్డం పెట్టి, "ఏడికి?" అన్నాడు. "అన్నం తిననీకి!" అన్నారు పిల్లలు. ఖాళీ చేయించడానికి వచ్చినవాడికి పిల్లలు తమంతట తామే ఖాళీ చేసి పోతుంటే ఏం చేయాలో తోచలేదు. పక్కకు జరిగి సెల్యూట్ కొట్టాడు, గంటెకో ఎవరికో.

మా బిడ్డ పెద్ద గంజు చెవి పట్టుకొని నా పక్కనుంచే పోయింది. ఇంకా నా చేతిలో సర్క్యులర్ నకలు ఉంది. "జరుగు బాపు, గంజు తాకుతది," అంది. అంతే.

ప్రధాన గేటు దాటి, రోడ్డు మీద మూడు రాళ్లు సర్దుతుండగా ఎవరో అరిచారు. తలెత్తి చూశాం.

గుట్ట అంచు మీద మంట నిలబడింది. తాటిచెట్టంత. కాదు, తాటిచెట్టు మీద తాటిచెట్టు పెట్టినంత. అంచు మీద ఒక్క క్షణం ఆగి, కిందికి చూసి, ఎండుగడ్డిని చూడగానే చీర చెంగు జారినట్టు జర్రున దిగింది. చిటపట కాదు, తెగిన చెరువు కట్ట నుంచి నీళ్లు దూకినట్టు ఒకటే హోరు. హాస్టల్ వెనక దండేల మీద ఆరేసిన బట్టలు ఒకదాని తరవాత ఒకటి లేచి ఎగిరిపోయాయి. సైకిల్ షెడ్డు రేకులు ముడుచుకున్నాయి. కింది అంతస్తు వెనక కిటికీల అద్దాలు పటపట పగిలిపోయాయి.

నినాదం నోట్లోనే ఆగింది. ఏ గది వెనక ఎవరి కిటికీ ఉందో అందరికీ తెలుసు. ఒక పిల్ల తన మంచం ఎక్కడుందో వేలితో చూపించబోయి, చెయ్యి దింపేసుకుంది.

మా బిడ్డ భాయ్ దగ్గరికి వెళ్లింది. "చాచా, నీకు ముందుగాలనే ఎర్కనా?"

ఇక్కడ ఆ మహానుభావుడు ఏమనాలి? "అవును, నేనే కాపాడాను" అని మీసం దువ్వుకోవాలి. దువ్వుకుంటే నేను హాయిగా తిట్టుకునేవాణ్ని. ఆయన పొయ్యి ఊదుతూ, తల కూడా ఎత్తకుండా, "నాకేమెర్క బిడ్డా? మీ బాపు కాగితంల రాసిండు గద, చదివిన," అన్నాడు.

ఆ ఒక్క మంచి మాట కూడా ఆయన ఖాతాలోనే పడింది. ఆ రోజు నాకు మిగిలింది ఏమిటో మీరే వెతికి చెప్పండి.

కాసేపటికి బీటు ఆఫీసరు పరుగున వచ్చి, రోడ్డు మీద పొయ్యి చూసి కొయ్యబారిపోయాడు. "ఆడ మేం ఆర్పుతుంటే ఈడ మీరు అంటువెడుతున్నరా? పిచ్చిలేసిందా?"

"ఆర్పెటోళ్లకు అన్నమొద్దా సాబ్?" అన్నాడు భాయ్. "ఎంతమందున్నరో చెప్పు, బియ్యం వెయ్యాలె."

బీటు ఆఫీసరు తిట్టడానికి నోరు తెరిచి, మనుషుల లెక్క చెప్పి పోయాడు.

జగిత్యాల నుంచి ఫైరింజన్ గంట కొట్టుకుంటూ వచ్చింది. నడిరోడ్డు మీద మా వంట. ఉడుకుతున్న గంజును పిల్లలే తడిచున్నీలు చేతులకు చుట్టుకొని, చెవులు పట్టి లేపి, పక్కకు జరిపారు. ఇంజన్ దాటిపోయింది. మళ్లీ గంజు రోడ్డు మధ్యకు వచ్చింది. ఊరివాళ్లు పచ్చికొమ్మలతో అటు నుంచి, ఇంజన్ ఇటు నుంచి కొట్టారు. హాస్టల్ వెనక గోడ నల్లబడింది గానీ మంట లోపలికి రాలేదు. పొద్దు వాలేసరికి గుట్ట మీద పొగ మాత్రం మిగిలింది.

అప్పుడు భాయ్ మూత తీశాడు. ఈసారి మూత మీద గంటెతో కొట్టాల్సిన పని లేకపోయింది. మసి ముఖాల ఊరివాళ్లు, ఫైరింజన్ వాళ్లు, పోలీసులు, వార్డెన్ మేడమ్, పిల్లలు, చెప్పులు పోగొట్టుకున్న పెద్దసారు, అందరూ చుట్టూ ఉన్నారు. ఆవిరి లేచింది. మా బిడ్డ పళ్లెం అందుకుంది. మొదటి పళ్లెం నిండా బగారన్నం, పక్కన ఆలుగడ్డ కూర వేయించుకొని, ఆ గుంపంతా దాటుకొని, మైలురాయి మీద ఒంటరిగా కూర్చున్న నా దగ్గరికి వచ్చింది. అందరూ చూస్తుండగా నా చేతిలో పెట్టింది.

"తిను బాపు. పొద్దటిసంది ఏం తినలే నువ్వు. ఈపారి నువ్వు రాసింది నిజమే."

ఆ రాత్రికి కోరుట్లలో గల్ఫు నుంచి వచ్చిన ఒకాయన కట్టించిన ఫంక్షన్ హాలు పిల్లలకు తెరిపించాం. బందు అయిపోయాక ఎవరి ఊళ్లకు వాళ్లు షేర్ ఆటోల్లో, బస్సుల్లో చేరారు. ప్రాంగణం వానలు పడేదాకా మూతబడింది. ఆ మూసివేత సర్క్యులర్ నేనే రాశాను, ఒకటే వాక్యం: "గుట్ట మంట వల్ల హాస్టల్ దెబ్బతిన్నది, బాగు చేసి పిలుస్తాం." పెద్దసారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇంతేనా?" అన్నాడు, నాకు ఆరోగ్యం బాగాలేదేమో అన్నట్టు.

మళ్లీ తెరిచాక భాయ్‌కి సభ పెట్టారు. శాలువా, దండ, ప్రశంసాపత్రం. ప్రశంసాపత్రం రాయాల్సింది ఎవరు? ఆఫీసులో తెలుగు వచ్చినవాడు. అంటే నేను. శత్రువును పొగడమని ఉద్యోగం ఆజ్ఞాపించింది. కసి తీర్చుకోవడానికి ఆయన నోరు తిరగని సంస్కృత సమాసాలన్నీ వెతికి వెతికి పేర్చాను. ఆయన దానికి అద్దం కట్టించి, సిరిసిల్లలో ఇంటి ముందు గదిలో పెట్టుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ చూపించి, "నోరు తిరగది గని, ఏం రాసిండు సాబ్!" అంటాడట. మా బిడ్డ ఇప్పుడు అక్కడే కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఆదివారం వాళ్లింట్లోనే భోజనం. ఆమె వచ్చినప్పుడల్లా అది చదివించుకొని వింటాడట, నేను రాసిన పొగడ్త, నా బిడ్డ గొంతుతో. ఇంతకంటే అన్యాయం ఏ సర్వీసు రూల్సులోనైనా ఉందా?

పిల్లలూ, ఇందులో ఏది కల్పించానో చెప్పి లేస్తాను, పెంచుతానని ముందే ఒప్పుకున్నాను కదా. మంట తాటిచెట్టంత లేదు, మనిషి ఎత్తు ఉంటుందేమో. గంజు నేను మోయలేదు, ఉల్లిగడ్డల సంచి మోశాను. కానిస్టేబులు నడిచే వచ్చాడు. కాకులు మర్నాడు మళ్లీ వేపచెట్టు మీదే ఉన్నాయి. ఇవన్నీ పెంచినవి, కింద ఎంతో కొంత నిజం ఉంది. కింద ఏమీ లేకుండా నేను కట్టినది ఒక్కటే.

మొదటి పళ్లెం నా దగ్గరికి రాలేదు. మా బిడ్డ దాన్ని తీసుకొని, గుంపంతా దాటుకొని, భాయ్‌కి ఇచ్చింది. "తిను చాచా, పొద్దటిసంది ఏం తినలే నువ్వు," అన్న మాట ఆయనతో అన్నది. రెండోది బీటు ఆఫీసరుకు. తరవాత ఊరివాళ్లకు, ఇంజన్ వాళ్లకు, పిల్లలకు. ఆమె నన్ను మరిచిపోలేదు, మైలురాయి వైపు రెండుసార్లు చూసింది. కానీ రాలేదు. నేనూ లేచి వెళ్లలేదు.

అంతా అయిపోయాక భాయే వచ్చాడు, పళ్లెంలో గంజు అడుగున గీకిన మాడు పెట్టుకొని. "మాడే అసలు రుచి సాబ్," అని పక్కనే రోడ్డు మీద కూర్చున్నాడు. ఇద్దరం ఒకే పళ్లెంలో తిన్నాం.

రుచిగానే ఉంది. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.